క్రైస్తవ ధ్యానం: మందుబిళ్ళకు తోడుగా, బదులుగా కాదు



రక్తపోటు మీదనో, నిద్రలేమి మీదనో వ్యాసం రాసిన ప్రతిసారీ చివర కొన్ని మాటలు చేరుస్తుంటాను: ఉప్పు తగ్గించండి, నడవండి, మందు మానకండి, రోజుకు పది పదిహేను నిమిషాలు ధ్యానం చేయండి అని. మొదటి మూడింటి మీద ఎవరికీ పేచీ లేదు. నాలుగవ దాని మీద మాత్రం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు క్రైస్తవ పాఠకులు తరచుగా ఒకే ప్రశ్న వేస్తున్నారు. "డాక్టరు గారూ, ధ్యానం మా విశ్వాసంలో ఉన్నదా? మేము చేయవచ్చునా? చేస్తే తప్పా?" అది అన్యమతాచారమనీ, మనసును ఖాళీ చేసుకొని కూర్చుంటే దురాత్మ ప్రవేశిస్తుందనీ కొందరికి సంఘ పెద్దలు చెప్పారట. దీనికి సరిగ్గా ఎదురు కొసన మరికొందరున్నారు. ప్రార్థన ఉండగా మందులెందుకని బీపీ బిళ్ళ మానివేసినవారు వారు.

ఈ రెండు కొసలూ నాకు ఆందోళన కలిగిస్తున్నాయి. కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పివేస్తాను. ధ్యానం క్రైస్తవులకు అరువు సొత్తు కాదు; పదహారు వందల ఏళ్ళకు పైబడిన సొంత ఆస్తి. దానివల్ల శరీరానికి కలిగే మేలు కొలిచి చూపగలిగినంత నిజం. అయితే ఆ మేలుకు ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు దాటించి దానిచేత వైద్యం చేయించబోతే ప్రాణం మీదకు వస్తుంది.

నా సొంత మతమేదన్నది ఇక్కడ అప్రస్తుతం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఈ మూడు ప్రాంతాలూ ఉమ్మడి వరంగల్ జిల్లాలోనివే. ప్రభుత్వ వైద్యుడిగా ఆ పల్లెల్లో తిరిగినవాడిని. బొట్టు పెట్టుకున్నవారినీ, మెడలో సిలువ వేసుకున్నవారినీ, తాయెత్తు కట్టుకున్నవారినీ ఒకే బల్ల మీద పడుకోబెట్టి పరీక్షించాను. స్టెతస్కోపుకు ఆ తేడాలేవీ వినిపించవు.

ముందు మాట సంగతి చూద్దాం. తెలుగు బైబిలులో కీర్తనల గ్రంథం తెరవండి. మొట్టమొదటి కీర్తనలోనే, ధన్యుడైన మనిషిని వర్ణించే చోట, 'ధ్యానించు' అన్న క్రియాపదం కనిపిస్తుంది. ఆదికాండము 24వ అధ్యాయంలో ఇస్సాకు సాయంకాలం పొలంలోకి వెళ్ళినది దేనికి? ధ్యానించడానికే అని తెలుగు అనువాదం. లూకా సువార్త 2వ అధ్యాయంలో, గొల్లలు చెప్పిన సంగతులను మరియ మనసులో భద్రపరచుకొని తలపోసుకుంటూ ఉండిపోయింది. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఒక ఘట్టం నాకు ప్రత్యేకంగా ఇష్టం. సాయంత్రం ఊరంతా వాకిట చేరి రోగులను తెచ్చింది. మరునాడు ఇంకా చీకటి ఉండగానే యేసు లేచి ఒంటరి చోటికి వెళ్ళి ప్రార్థనలో ఉన్నాడు. రాత్రి దాకా రోగులను చూసినవాడికి తెల్లవారుజాము ఏకాంతం ఎంత అవసరమో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన ఏ వైద్యుడినైనా అడగండి.

ఇంకొక ముచ్చట. మొదటి కీర్తనలో 'ధ్యానించు' అని మనం అనువదించుకున్న చోట మూల హీబ్రూ భాషలో 'హాగా' అన్న మాట ఉన్నది. దాని అసలు అర్థం పెదవులతో మెల్లగా గొణుగుకోవడం. పావురం మూలుగుకూ, వేటను పట్టుకున్న సింహపు గుర్రుకూ బైబిలులో అదే మాట వాడారు. కనుక ఆ కాలపు ధ్యానమంటే మనసును శూన్యం చేసుకోవడం కాదు, ఒక వాక్యాన్ని పట్టుకొని పెదవుల మీద మళ్ళీ మళ్ళీ ఆడించుకోవడం. మన భాషలో దాన్ని జపమంటాం. మనసు ఖాళీ అయితే ఏదో దూరుతుందని భయపడేవారికి ఇంతకన్న మంచి జవాబు నేనివ్వలేను. ఇక్కడ మనసు ఖాళీ కావడం లేదు, ఒక్క మాటతో నిండుతున్నది.

పాల్కురికి సోమనాథుని పేరులో నిలిచిన పాలకుర్తి, పోతన ఊరైన బమ్మెర, రెండూ ఇప్పటి జనగామ జిల్లాలోనివే. శైవుడూ, భాగవతుడూ పండించిన తెలుగులోనుండే బైబిలు అనువాదకులు ధ్యానమన్న మాటను తీసుకున్నారు. మాట ఒకటే అయినంత మాత్రాన విశ్వాసాలన్నీ ఒకటే అయిపోవు. ఆ మాట వాడినంత మాత్రాన ఎవరి విశ్వాసమూ పోదు.

ఇక ఆచరణ చరిత్ర. నాలుగవ శతాబ్దంలో ఈజిప్టు ఎడారులలో వందలాది క్రైస్తవులు ఒంటరి గుడిసెలలో నివసించారు. చాపలు, బుట్టలు అల్లుకుంటూ, ఒక లేఖన వాక్యాన్ని పెదవుల మీద ఆడించుకుంటూ రోజులు గడిపారు. వారిలో ఎవాగ్రియస్ అనే పండితుడున్నాడు, 399లో మరణించాడు. మనిషిని వేధించే ఆలోచనలు ఎనిమిది రకాలని ఆయన విభజించాడు. తిండి మీద ఆలోచన, కోపం, దుఃఖం మొదలైనవి. అందులో ఒకదాని పేరు అకీడియా. దాన్ని ఆయన వర్ణించిన తీరు చదివితే నేటి మానసిక వైద్యుడు ఆశ్చర్యపోతాడు. మధ్యాహ్నం వేళ పొద్దు కదలనట్లే ఉంటుంది. సన్యాసి మాటిమాటికీ కిటికీవైపు చూస్తాడు. చేస్తున్న పని మీద, ఉన్న చోటి మీద, తోటివారి మీద విసుగు. వేరే ఊరికి పోతే బాగుండుననిపిస్తుంది. ఇది పూర్తిగా నేటి డిప్రెషన్ అని నేననను. కానీ 'ఏమీ చేయబుద్ధి కావడం లేదు సారూ' అంటూ మన ఓపీ గదిలో కూర్చునే మనిషికి ఆ సన్యాసి దూరపు చుట్టం మాత్రం కాదు. పైగా ఆ తండ్రులు ఒంటరిగా పోరాడమని చెప్పలేదు. ఆలోచనలను ఒక పెద్దకు విప్పి చెప్పుకోవాలన్నారు. వైద్యంలో సగభాగం అదే కదా.

ఎవాగ్రియస్ బోధను జాన్ కాసియన్ అనే ఆయన ఐదవ శతాబ్దంలో పశ్చిమ ఐరోపాకు చేర్చాడు. కష్టంలో, సుఖంలో, నిద్ర పట్టేముందు, లేచిన వెంటనే కీర్తనలలోని ఒక చిన్న వాక్యాన్ని విడవకుండా పలుకుతూ ఉండాలన్నది ఆయన ఉపదేశం. పన్నెండవ శతాబ్దంలో గిగో అనే కార్తూసియన్ మఠాధిపతి దీన్నే నాలుగు మెట్ల నిచ్చెనగా చెప్పాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, చివరకు మౌనంగా దేవుని ఎదుట నిలిచిపోవడం. ఆయన వాడిన పోలిక భోజనం. చదవడమంటే ముద్ద నోట పెట్టుకోవడం, ధ్యానమంటే నమలడం. ఆ కాలపు మఠాలలో దీనికి వాడిన లాటిన్ మాటకు అర్థం నెమరువేయడం. చదివినదాన్ని నెమరువేసుకోవడమని మనమూ అంటాం. చేను మేసి వచ్చిన ఆవు చెట్టు నీడన కళ్ళు సగం మూసుకొని చేసే పనిని చూసే ఇరు భాషలవారూ ఆ మాట పుట్టించుకొని ఉంటారు.

తూర్పు సంఘాలలో 'యేసు ప్రార్థన' ఉన్నది. యేసును పిలిచి కరుణ చూపమని వేడుకునే ఒక చిన్న వాక్యాన్ని శ్వాసతో జతపరచి పలకడం దాని పద్ధతి. పద్నాలుగవ శతాబ్దంలో గ్రీకు దేశపు ఆథోస్ కొండ మీది సన్యాసులను ఈ శ్వాస పద్ధతి విషయంలో కొందరు ఎగతాళి చేస్తే, గ్రెగరీ పాలమాస్ వారి పక్షాన నిలిచి వాదించాడు. ప్రార్థనలో శరీరానికి చోటున్నదా లేదా అన్న తగవు మన ఊళ్ళలో నిన్నమొన్న పుట్టినది కాదన్నమాట.

వైద్యుడిగా నన్ను ఎక్కువ ఆకర్షించినది ఇగ్నేషియస్ లొయోలా కథ. ఆయన స్పెయిన్ దేశపు సైనికుడు. 1521లో పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. సరిగా అతకని ఎముకను మళ్ళీ విరిచి కట్టారు. మత్తుమందులు లేని కాలమది. నెలల తరబడి మంచం మీదే. వీరగాథల పుస్తకాలు అడిగితే, ఇంట్లో దొరికినవి క్రీస్తు చరిత్ర, పరిశుద్ధుల చరిత్రలు మాత్రమే. చదువుతూ, కలలు కంటూ గడిపిన ఆ రోజుల్లో ఆయన ఒక విషయం గమనించాడు. యుద్ధాలు, విలాసాలు ఊహించుకున్నప్పుడు అప్పటికి సంతోషంగా ఉండి, తరువాత మనసు ఎండిపోయినట్లవుతున్నది. పరిశుద్ధుల జీవితాలు ఊహించుకున్నప్పుడు ఆ నెమ్మది చాలాసేపు నిలుస్తున్నది. ఒక రోగి తన మనసును తానే పరిశీలించుకున్న ఆ అలవాటునుండే 'ఆధ్యాత్మిక సాధనలు' అనే ముప్పై రోజుల పద్ధతి రూపొందింది. 1548లో పోపు దాన్ని ఆమోదించారు. గడిచిన రోజును ఒకసారి శాంతంగా వెనక్కి తిప్పి చూసుకొమ్మని ఆయన నేర్పిన చిన్న సాధన, నిద్ర పట్టని నా రోగులకు మతంతో పని లేకుండా నేను చెప్పే సలహాలలో ఒకటి.

మన ప్రాంతానికి వద్దాం. మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ పేరు రైల్వే జంక్షనుగా అందరికీ తెలుసు. ప్రపంచ క్రైస్తవ చరిత్రలో దానికున్న స్థానం మనలో చాలామందికి తెలియదు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడైన తొలి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి పీఠం అదే. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు; తెలుగు నేర్చుకొని ఇక్కడ స్థిరపడ్డాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ పట్టాభిషేకం జరిగింది. ఆయన కట్టించిన డోర్నకల్ కథీడ్రల్ 1939 జనవరిలో ప్రతిష్ఠ జరుపుకున్నది. దాన్ని చూడనివారు ఒకసారి చూసి రండి. ఐరోపా చర్చికి నకలు కాదది. దేవాలయ శిల్పమూ, మసీదు గుమ్మటమూ కలిసి క్రైస్తవ ఆరాధనా మందిరంగా రూపుదిద్దుకున్నాయి. తన ప్రజలు తమ దేశపు రూపంలోనే దేవుని ఎదుట నిలబడాలని ఆయన కోరుకున్నాడనడానికి ఆ రాళ్ళే సాక్ష్యం. ఆయన సంఘస్థులలో అత్యధికులు అక్షరం రాని దళిత కూలీలు. పగలంతా పొలం పని. పొద్దుగూకిన తరువాత పల్లెబడి ఉపాధ్యాయుడు నడిపే ప్రార్థన, నోటికి వచ్చిన కీర్తనలు, కంఠస్థం చేసిన వాక్యాలు. చదువురాని మనిషికి కంఠస్థమైన వాక్యమే గ్రంథం; దాన్ని తలచుకోవడమే ధ్యానం. ఎడారి తండ్రులు చేసినదీ అదే.

కథోలిక సంఘానిది వేరే దారి. 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనం పరిధిలోని విచారణలలో జపమాల ఇంటింటి అలవాటు. తెలుగు నేల మీదనే 1938లో మొదలైన బైబిలు మిషనులో దేవదాసు అయ్యగారు 'సన్నిధి' అన్న చక్కని మాటతో, దేవుని ఎదుట మౌనంగా కనిపెట్టుకొని ఉండడాన్ని నేర్పారు. కాబట్టి మిత్రులారా, 'మాలో ధ్యానం ఉన్నదా' అని అడగడం, ఇంట్లో బావి పెట్టుకొని నీళ్ళకు పొరుగింటికి వెళ్ళవచ్చునా అని అడగడమే.

మరి ఆ బావి ఎందుకు పూడుతున్నది? నాకు కనిపించిన కారణం చెబుతాను, నచ్చనివారు క్షమించాలి. మన ఆరాధన గొంతు పెరిగింది. ఇరవై మంది పట్టే రేకుల మందిరంలో నాలుగు స్పీకర్లు, కీబోర్డు, డ్రమ్ములు. ఉపవాస ప్రార్థనలో మూడు గంటలు ఎడతెగని మాట. మౌనం ఒక్క నిమిషం నిలిచినా ఏదో లోపం జరిగినట్లు వెంటనే పాట అందుకుంటారు. ఇది చర్చిలకే పరిమితమని నేననను. గుడి మైకూ, మసీదు మైకూ, పెళ్ళి డీజే ఎవరికి వారు పోటీ పడుతున్నవే. నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడరాదని కూడా. పాటకు నేను వ్యతిరేకిని కాను. గొంతెత్తి పాడడం ఊపిరితిత్తులకూ, ఉత్సాహానికీ మంచిదే. కానీ గుండెదడతో, నిద్రలేక, అప్పుల దిగులుతో మందిరానికి వచ్చిన మనిషికి రెండు గంటల హోరు తరువాత రెండు నిమిషాల నిశ్శబ్దమైనా దక్కకపోతే, అతని నాడీవ్యవస్థ వచ్చినప్పటి బిగువుతోనే ఇంటికి వెళుతుంది.

ఈ బిగువు గురించి శాస్త్రం ఏమంటున్నదో కొంచెం వివరంగా చెప్పాలి. మెడలోని పెద్ద ధమనిలోనూ, గుండె నుండి బయలుదేరే బృహద్ధమనిలోనూ రక్తపోటును కనిపెట్టి చూసే సూక్ష్మ గ్రాహకాలు ఉంటాయి. పోటు పెరిగితే అవి మెదడుకు కబురు పంపుతాయి. మెదడు వేగస్ నాడి ద్వారా గుండెను నెమ్మదించమని ఆజ్ఞాపిస్తుంది. ఈ ఏర్పాటు ఎంత చురుకుగా ఉంటే గుండెకు అంత క్షేమం. దీర్ఘకాలపు బీపీలో, గుండె జబ్బులో ఇది మందగిస్తుంది. మరొక సంగతి: మన రక్తపోటు నిశ్చలంగా ఉండదు, దాదాపు పది సెకన్లకు ఒకసారి చిన్న అలలా లేచి దిగుతుంటుంది. మామూలుగా మనం నిమిషానికి 12 నుండి 20 సార్లు ఊపిరి తీస్తాం. శ్వాసను నిమిషానికి ఆరుకు తగ్గిస్తే, ఒక్కొక్క శ్వాసకు పది సెకన్లు పడుతుంది. అప్పుడు శ్వాస అలా, రక్తపోటు అలా ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఊగుతున్న ఉయ్యాలను సరిగ్గా సమయానికి తోస్తే అది హాయిగా సాగినట్లు, ఆ గ్రాహకాల స్పందన మెరుగుపడుతుంది.

2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ దేశపు పరిశోధకుడు లూచియానో బెర్నార్డి బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. 23 మంది ఆరోగ్యవంతులచేత జపమాలలోని మంగళవార్త జపాన్ని లాటిన్ భాషలో చెప్పించారు. విడిగా ఒక బౌద్ధ మంత్రాన్ని కూడా పలికించారు. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి దాదాపు ఆరుకు దిగింది, గ్రాహకాల స్పందన పెరిగింది. జపంలో సగం ఒకరు చెప్పి, మిగిలిన సగం ఇతరులు అందుకునే పద్ధతిలో ఒక్కొక్క ఆవృత్తికి సుమారు పది సెకన్లు పట్టడమే రహస్యం. ఇది ఇరవై ముగ్గురి మీద జరిగిన చిన్న అధ్యయనం. రోగాలు నయమయ్యాయని అది చెప్పలేదు. అయినా దాని ఫలితం నాకు అబ్బురమే. పరిశోధనశాల ఇప్పుడు కొలిచినదాన్ని, గడియారాలు సరిగా లేని కాలంలోనే మన అమ్మమ్మల వంటివారు పూసలమీద పట్టుకున్నారు. లాటిన్ కొలత తెలుగుకు అక్షరాలా సరిపోనవసరం లేదు. తొందర లేకుండా పలకడమే ముఖ్యం. పలకడం జరిగేది ఊపిరి వదిలేటప్పుడే కనుక, మెల్లగా పలికితే నిశ్వాసం దానంతటదే పొడవవుతుంది. ప్రాణాయామం పేరు వినగానే వెనుకాడే విశ్వాసి తన పరలోక జపాన్ని నిదానంగా పలికితే చాలు, శరీరం చేయవలసిన పని చేసుకుంటుంది. బస్సు తప్పిపోతుందన్నట్లు ఒకే ఊపిరిలో ముగించేవారికి మాత్రం ఈ లాభం రాదు.

హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో వెలువరించిన పుస్తకంలో ఈ స్థితికి 'విశ్రాంతి స్పందన' అని పేరు పెట్టాడు. రోగులు తమ తమ విశ్వాసానికి చెందిన మాటనే ఎంచుకోవచ్చునన్నాడు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో అందుబాటులో ఉన్న పరిశోధనలన్నీ పరిశీలించి జాగ్రత్తగా ఒక మాట చెప్పింది. గుండె జబ్బుల ముప్పు తగ్గించే ప్రామాణిక చికిత్సకు తోడుగా ధ్యానాన్ని పరిగణించవచ్చు. అయితే రుజువులు ఇంకా బలపడవలసి ఉన్నది అని. 'తోడుగా' అన్న మాట కింద గీత గీయండి.

ఎందుకంటే అదే బెన్సన్ బృందం 2006లో మరొక పెద్ద అధ్యయనం ప్రచురించింది. గుండెకు బైపాస్ శస్త్రచికిత్స చేయించుకుంటున్న 1,802 మంది రోగులను మూడు వర్గాలు చేశారు. కొందరికోసం ఇతరులు ప్రార్థించారు, కొందరికోసం ప్రార్థించలేదు. మీకోసం తప్పకుండా ప్రార్థిస్తున్నామని మూడవ వర్గానికి ముందే చెప్పారు. ప్రార్థన జరిగినవారికీ జరగనివారికీ శస్త్రచికిత్స తరువాతి చిక్కులలో తేడా లేదు. ముందే తెలిసిన వర్గంలో చిక్కులు కొంచెం ఎక్కువే కనిపించాయి. దేవుణ్ణి తూకం వేయడానికి ఆసుపత్రి త్రాసు పనికిరాదని విశ్వాసులు అనవచ్చు, నేనూ కాదనను. నా వాదన చిన్నది. ధ్యానం చేసే మనిషి శరీరంలో మార్పు వస్తుంది. ఆ మార్పు పరిమితమైనది. మూసుకుపోయిన రక్తనాళాన్ని అది తెరవదు. ఆశ్చర్యమేమంటే, వాటికన్ కూడా క్రైస్తవ ధ్యానం మీద 1989లో వెలువరించిన లేఖలో, ధ్యాన పద్ధతుల వల్ల కలిగే శారీరక హాయిని పరిశుద్ధాత్మ ఇచ్చే ఆదరణగా పొరబడవద్దని హెచ్చరించింది. హాయి హాయే; దానిని అద్భుతమని పిలువనవసరం లేదు.

ఇక నా అసలు బాధ. ఉద్యోగంలో ఉండగా మహబూబాబాద్ వైపు ఒక పల్లె నుండి ఇరవై ఏళ్ళ అమ్మాయిని ఎడ్లబండి మీద తెచ్చారు. ఆగకుండా ఫిట్స్. మూడేళ్ళుగా మందు వాడుతూ ఒక్కసారి కూడా ఫిట్ రాని అమ్మాయి. ఒక స్వస్థత కూటంలో సాక్ష్యం చెప్పించి, బిళ్ళలు అక్కడే పారవేయించారట. పైగా ఆ రాత్రంతా జాగరణ ప్రార్థన. మందు హఠాత్తుగా మానడం ఒక కారణం, నిద్ర లేకపోవడం రెండవ కారణం; ఈ రెండూ కలిస్తే ఎవరి మెదడైనా తిరగబడుతుంది. ఆ అమ్మాయి బతికింది. అలా తేలేవారే కాదు, తేలనివారూ ఉంటారు.

నేను అడుగుతున్నది కఠినమైనదేమీ కాదు. ఫిట్స్ ఉన్నవారిని రాత్రంతా మేల్కొనే ప్రార్థనలకు పిలవకండి. వారు పగటిపూట ప్రార్థించినా దేవుడు వింటాడు. క్షయ మందు వాడేవారు జ్వరం తగ్గి, ఆకలి పుట్టగానే స్వస్థత కలిగిందని ఆపవద్దు; కోర్సు కనీసం ఆరు నెలలు. మధ్యలో వదిలితే మందుకు లొంగని క్షయ తయారై ఇంటిల్లిపాదికీ అంటుతుంది. బీపీ సాధారణంగా ఉన్నదని బిళ్ళ మానడం, గొడుగు కింద తడవడం లేదని గొడుగు మూయడం వంటిది. ఐసీఎంఆర్ తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం మన దేశంలో పెద్దవారిలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు, 11.4 శాతం మందికి మధుమేహం. అంటే ఆదివారం వంద మంది పెద్దలు కూర్చున్న మందిరంలో ముప్పైమందికి పైగా బీపీ ఉన్నవారు ఉండవచ్చు. వారిలో కొందరికి ఆ సంగతే తెలియదు. ప్రసంగ పీఠం మీది నుండి వచ్చే ఒక్క వాక్యం నా ఇటువంటి పది వ్యాసాలకన్న ఎక్కువమందిని మందు దగ్గర నిలుపుతుంది, లేదా దూరం చేస్తుంది.

దిగులు జబ్బు విషయం మరీ సున్నితం. మా ప్రాంతం పత్తి, మిర్చి రైతుల ప్రాంతం. పంట పోయి, అప్పు మిగిలి, పురుగుల మందు తాగి వచ్చినవారికి కడుపు కడిగిన చేతులివి. అటువంటి మనిషి ముందుగా చెప్పుకునేది వైద్యునికి కాదు. పాస్టరు గారికో, ఫాదరు గారికో. 'విశ్వాసం తక్కువైంది, ఇంకా ప్రార్థించు' అన్న జవాబు వింటే, జబ్బుకు తోడు నేరభావం కూడా నెత్తికెక్కుతుంది. తీవ్రమైన దిగులులో ఉన్నవారిని, చెవిలో మాటలు వినిపిస్తున్నాయనేవారిని ఒంటరిగా కూర్చోబెట్టి గంటలకొద్దీ ధ్యానం చేయమనడం ప్రమాదకరం. మౌనంలో ఆ ఆలోచనలే మరింత బిగ్గరగా వినిపిస్తాయి. వారికి కావలసింది మొదట మనిషి తోడు, వెంటనే మానసిక వైద్యుడు. ప్రభుత్వం 2022 నుండి నడుపుతున్న టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇన్ని జాగ్రత్తల తరువాత, ఎలా చేయాలన్న ప్రశ్నకు నా సమాధానం చాలా సాదాగా ఉంటుంది. మీకు కంఠస్థమైన ఒక చిన్న లేఖన వాక్యాన్నో, యేసు నామాన్నో తీసుకోండి. మోకాళ్ళ నొప్పులున్నవారు మోకరించవద్దు. కుర్చీలో పాదాలు నేలకానించి కూర్చుంటే చాలు. అరిగిపోయిన కీళ్ళను హింసించుకోవడం భక్తికి కొలమానం కాదు. గాలి పీల్చుకునేటప్పుడు మౌనంగా ఉండండి. వదిలేటప్పుడు ఆ మాటను పెదవులమీద మెల్లగా పలకండి. మనసు మిరపకాయల ధర మీదికో, కూతురి పెళ్ళి మీదికో పోతుంది. పోనివ్వండి, గమనించగానే విసుక్కోకుండా మళ్ళీ ఆ మాట దగ్గరకు రండి. మొదట ఐదు నిమిషాలు, నెల తిరిగేసరికి పదిహేను. తల తిరిగినట్లున్నా, ఊపిరి అందనట్లున్నా ఆపి మామూలుగా శ్వాసించండి. భూపాలపల్లి బొగ్గు గనుల్లో షిఫ్టులు మారే కార్మికులకు తెల్లవారుజామునే చేయాలన్న నియమం పనికిరాదు. రాత్రి షిఫ్టు ముగిసి ఇంటికి వచ్చి, పగలు నిద్రకు ఉపక్రమించే ముందు చేయండి. ధ్యానం నిద్రకు బదులు కాదు. నాలుగు గంటలే నిద్రపోయి అందులో ఒక గంట ప్రార్థనకు కోసేవారిని చూశాను. వారి బీపీ తగ్గక పోవడంలో వింతేమీ లేదు.

సంఘ కాపరులకు, విచారణ గురువులకు ప్రత్యేకంగా ఒక మనవి. ఆదివారపు ఆరాధనలో వాక్యం చదివిన తరువాత మైకు ఆపి ఐదు నిమిషాలు మౌనం పాటించి చూడండి. మొదటి వారం పిల్లలు నవ్వుతారు, పెద్దలు దగ్గుతారు. నాలుగవ వారానికి ఆ ఐదు నిమిషాలకోసమే వచ్చేవారు కొందరు తయారవుతారని నా నమ్మకం. ఆ మౌనం ముగిశాక, 'మీ మందులు వేసుకోవడం మరువకండి' అని ఒక్క మాట అనండి. నెలకొకసారి ఆరాధన తరువాత సమీప ఆరోగ్య కేంద్రం నుండి ఏఎన్ఎం గారిని పిలిపించి అందరికీ బీపీ, షుగరు చూపించండి. ఆ రోజు కొత్తగా బయటపడిన ఒక్క బీపీ మనిషికి పక్షవాతం తప్పినా, ఒక ఇల్లు నిలిచినట్లే.

తపఃకాలపు నలభై రోజులు, శ్రమదినాల ఉపవాసాలు ప్రతి ఏడూ వస్తాయి. షుగరు ఉన్నవారు, ముఖ్యంగా ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ వంటి బిళ్ళలు గానీ వాడేవారు, విభూది బుధవారానికి కనీసం రెండు వారాల ముందు మీ వైద్యుని కలవండి. మోతాదు, వేళలు అప్పుడే మార్పించుకోండి. ఉపవాసంలో చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే అది ఆత్మ ఆవేశం కాదు, రక్తంలో చక్కెర పడిపోవడం. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. స్పృహ తప్పితే నోటిలో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.